ఊరు దాటితే చెడిపోతామా?

ప్రయాణాల మీద మనకున్న అపోహలు తీర్చుకోవడానికి కూచిపూడి మంచి చోటు. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని ఈ ఊరికి పేరొచ్చిందే తిరుగుళ్లతో. ఇక్కడి నాట్య కళాకారులైన భాగవతులు గజ్జెలు, వేషాల పెట్టెలు మోసుకుని మేళాలుగా ఊరూరా ఆడినవాళ్లు.

అపోహ: ప్రయాణం డబ్బూ తీరికా ఉన్నవాళ్ల సరదా.
వాస్తవం: భాగవతులకు అదే బతుకుతెరువు. అంతేకాదు, ఒక ఊరి గోడు ఇంకో ఊరికి చేర్చింది కూడా ఇలాంటి మేళాలే. సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు పన్నుల కోసం జనాన్ని పెట్టే హింసను వీళ్లు విజయనగరంలో వీరనరసింహరాయల ఎదుట ఆడి చూపారనీ, రాయలు సైన్యాన్ని పంపి అతణ్ణి శిక్షించాడనీ మాచుపల్లి కైఫియత్తు చెబుతోంది. 16వ శతాబ్దం తొలినాళ్ల మాట ఇది.

అపోహ: ఊరు వదిలితే మన సంప్రదాయం పలచబడుతుంది.
వాస్తవం: 1929లో కూచిపూడిలో పుట్టిన వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి, 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. దేశదేశాల శిష్యులకు కూచిపూడి నాట్యం అబ్బింది అక్కడే. పక్కూరు మొవ్వ వాడని చెప్పుకునే క్షేత్రయ్య మదుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానాలు తిరిగాడు. అయినా ఆయన పదాల్లో మువ్వగోపాలుడి ముద్ర చెరిగిపోలేదు.

అపోహ: తిరిగి ఆడది చెడుతుంది, తిరగక మగాడు చెడతాడు.
వాస్తవం: ఈ సామెతను తిప్పికొట్టింది కూచిపూడే. ఒకప్పుడు మేళంలో అందరూ మగవాళ్లే, సత్యభామ వేషం కూడా వాళ్లదే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక కథ మారింది. ఇంద్రాణీ రెహమాన్, యామినీ కృష్ణమూర్తి ఈ నాట్యాన్ని విదేశీ వేదికల మీదికి తీసుకెళ్లారు. వాళ్లు గడప దాటకపోతే కూచిపూడి పేరు బయటి దేశాల్లో ఇంతగా తెలిసేదా?

అపోహ: పని మధ్యలో ప్రయాణమంటే పని చెడినట్టే.
వాస్తవం: కళింగ దండయాత్రకు బయలుదేరిన కృష్ణదేవరాయలు దారిలో ఈ చుట్టుపక్కలే, ఘంటసాల దగ్గరి శ్రీకాకుళంలో ఆగి ఏకాదశి ఉపవాసం చేశాడు. ఆ రాత్రి ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ‘ఆముక్తమాల్యద’ అవతారికలో ఆయనే చెప్పుకున్నాడు. వెళ్లింది యుద్ధానికి, మనకు దక్కింది కావ్యం.

అపోహ: లోకం చూడాలంటే విమానం ఎక్కాలి.
వాస్తవం: పామర్రు దగ్గర చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే చాలు. కూచిపూడి, మొవ్వ దాటాక ఘంటసాల: బౌద్ధ స్తూపం ఉన్న ఊరు, 2వ శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవుపట్నం ఇదేనంటారు. కిందికి వెళ్తే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి. ఇంకోవైపు మచిలీపట్నం, 1611లోనే ఇంగ్లీషువాళ్లు వర్తక స్థావరం పెట్టుకున్న రేవు. దానికి దగ్గర్లోనే పెడన కలంకారీ. తెల్లవారుజామున బయలుదేరితే వీటిలో చాలావరకు ఒక్క రోజులో చూసి రావచ్చు.

అపోహ: వెళ్లొస్తే చాలు, మనసు దానంతటదే విశాలమవుతుంది.
వాస్తవం: గుడి ముందు సెల్ఫీ దిగి బస్సెక్కితే మారేదేమీ లేదు. కూచిపూడిలో రోజూ ప్రదర్శనలుండవు. ముందే కనుక్కుని సిద్ధేంద్రయోగి కళాపీఠంలో పాఠం జరిగే వేళకు వెళ్లి, అనుమతి అడిగి కూర్చోండి. వేదిక మీద అరనిమిషంలో అయిపోయే అడుగును పిల్లలు ఎన్నిసార్లు వేస్తారో తెలుస్తుంది. హంసలదీవి ఉన్న దివిసీమలో అరుగు మీది పెద్దాయన్ని 1977 నవంబరు 19 ఉప్పెన గురించి అడగండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో లేవకండి, ఆ బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది.