కోలగా సాగిన చక్రము

శేరిలింగంపల్లి ప్రాంతమున మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఒకప్పుడు రాతిగుట్టల నడుమ ఒదిగియున్న పల్లెలు. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిన పిమ్మట ఆ నేల రూపురేఖలే మారిపోయినవి. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది. దాని ప్రాంగణము గచ్చిబౌలిలో ఉన్నది. 1997లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను ఆటను, 1999లో దాని రెండవ భాగమును ప్రచురించినది ఈ సంస్థయే. ‘రోడ్ రాష్’ అను మోటారుసైకిలు పందెము 1996లో విండోసు కంప్యూటర్లకు వచ్చినది.

ఆ రోజులలో ఇంటర్నెట్ కేంద్రములలో గంటకింతని చెల్లించి ఈ ఆటలాడిన పిల్లలు నేడు తల్లిదండ్రులైనారు, ఉపాధ్యాయులైనారు. తమ బిడ్డకు చూపవలెనని ఆ ఆటను కొత్త కంప్యూటరులో తెరచినచో చిత్రము వికటించుచున్నది. మనుషులు పొట్టిగా, లావుగా కనిపింతురు. మోటారుసైకిలు చక్రము కోడిగ్రుడ్డువలె సాగిపోవును. యంత్రము చెడినదని ఒకరు, ఆట చెడినదని వేరొకరు అందురు. నిజమునకు రెండును చెడలేదు.

నాటి తెరలు వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లుగా ఉండెడివి. నేటి తెరలు ఎక్కువగా పదునారు పాళ్లకు తొమ్మిది పాళ్లు. పాత ఆట 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల చిత్రమును గీయును. దానిని 1920 వెడల్పు, 1080 ఎత్తు గల తెర అంతటను పరచినచో ఎత్తు రెండుంబాతిక రెట్లు పెరుగగా, వెడల్పు మూడు రెట్లు పెరుగును. అనగా ప్రతి వస్తువును ఉండవలసినదానికంటె మూడవ వంతు అధికముగా సాగును. ఏడవ తరగతి నిష్పత్తుల లెక్కకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. స్కేలు తీసికొని తెరపై చక్రమును అడ్డముగా, నిలువుగా కొలిచిన పిల్లవానికి లెక్క దానంతట అదే తెలియును.

మార్గము సులభము. గ్రాఫిక్స్ అమరికలలో చిత్రమును తెరనిండ సాగదీయు పద్ధతిని వదలి, నిష్పత్తిని కాపాడు పద్ధతిని ఎంచుకొనవలెను. అప్పుడు చిత్రము 1440 చుక్కల వెడల్పున నిలిచి, ఇరుప్రక్కల 240 చుక్కల మేర నల్లని పట్టీలు మిగులును. ఈ పట్టీలను చూచి కొందరు విసుగుకొందురు. తెర నిండుటకై బొమ్మను వికృతము చేయుటకంటె ఇది మేలు కాదా?

అయినను చిత్రము కొంత మసకగా ఉండును. రెండుంబాతిక రెట్లు అనగా నాలుగు వరుసలు తొమ్మిది వరుసలు కావలెను; అవి సమముగా పంచబడవు. దీనికై 2019 నుండి కొన్ని గ్రాఫిక్స్ చిప్పులు పూర్ణసంఖ్యా హెచ్చింపును ప్రవేశపెట్టినవి. సరిగా రెండు రెట్లు చేసినచో చిత్రము 1280కి 960గా చిన్నదగును గాని, ప్రతి చుక్కయు స్పష్టముగా నిలుచును.

వేరొక చిక్కు అక్షరములను పెద్దవి చేయు అమరికవలన పుట్టును. విండోసులో 150 శాతము అని పెట్టినపుడు, 1920కి 1080 గల తెరను పాత ఆటకు 1280కి 720గా చెప్పుదురు. ఆట తన పాత లెక్కప్రకారము గీయగా, కుడిప్రక్కయు క్రిందిప్రక్కయు తెర దాటి పోవును. ఆట ఫైలుపై మౌసు కుడి మీట నొక్కి, ‘ప్రాపర్టీస్’లోని ‘కంపాటిబిలిటీ’ భాగమున ఈ హెచ్చింపు బాధ్యతను ఆటకే అప్పగించిన చాలును.

రంగుల చిక్కు అన్నింటికంటె విచిత్రము. నాటి ఆటలు అనేకము 256 రంగుల పట్టికతోనే పనిచేసెడివి. విండోసు 7లో ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ భాగము నడచుచుండగా, డెస్కుటాపును చూపు ప్రోగ్రాము ఆ పట్టికలో వేలు పెట్టెడిది. పచ్చిక ఎఱ్ఱబారెడిది, నీరు ఊదారంగు దాల్చెడిది. ఆటగాండ్రు ఆ ప్రోగ్రామునే ఆపివేసి, ఆట ముగిసిన పిదప మరల ప్రారంభించెడివారు. తెర కొలతల కిటికీని ఊరక తెరచియుంచినను రంగులు సరిపడెడివట! పండితుల సిద్ధాంతముకంటె పిల్లల ప్రయోగమే ముందు నడచిన సందర్భమిది.

ఇట్టి ఉపాయములు తెలియక, ఎవరో ఇచ్చిన తెలియని ఫైలును బడి కంప్యూటరులో చేర్చుటయే పెద్ద ప్రమాదము. ఆటకోసము చేర్చినది పరీక్ష మార్కుల జాబితాను మ్రింగవచ్చును.

ఆ రెండవ భాగము 2013లోను, 2019లోను కొత్త తెరలకు తగినట్లు మరల వెలువడినది. చక్రములు గుండ్రముగనే ఉన్నవి. అయితే వెడల్పు తెర గలవానికి యుద్ధభూమి ఇరుప్రక్కల మరికొంత కనిపించును. పాత తెరపై ప్రక్కనుండి వచ్చు శత్రువును చూచుటకు పటమును జరుపవలసి వచ్చెడిది.