పన్నీరు రోజాకు ఎండంటే లెక్కలేదు

బెంగళూరు నర్సరీలో అరచేతంత పువ్వు చూసి ముచ్చటపడి కొన్న రోజా తిరుత్తణి ఎండకు రెండు వేసవులు నిలిస్తే గొప్పే. పూలు చిన్నబోతాయి, ఎరుపు వెలిసిపోతుంది. వేడి పెరిగేకొద్దీ రేకులకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు తక్కువగా తయారవుతాయి, మొగ్గ కూడా తొందరపడి విచ్చుకుంటుంది. మాలల కోసం తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లా రైతులు వేసే పన్నీరు రోజా మాత్రం ఆ ఎండలోనే బతుకుతోంది.

దీని ఇంకో పేరు ఎడ్వర్డ్. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం మైదానాలకు చెప్పే రకాల్లో ఇదొకటి, ఆంధ్ర రెడ్ మరొకటి. ఈ ఎడ్వర్డ్ ఇంగ్లండు రాజేమీ కాదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో, నాటి బూర్బోన్‌లో, డమాస్క్ రోజానూ చైనా రోజానూ కలిపి కంచెగా నాటేవారు. ఎదువార్ (ఇంగ్లీషులో ఎడ్వర్డ్) పెరిషోన్ అనే ఆసామి కంచెలో ఆ రెండింటి సంకరం దానంతటదే మొలిచిందంటారు. 1817లో ఆ దీవికి వచ్చిన బ్రెయోన్ అనే వృక్షశాస్త్రవేత్త దాని గింజలు ఫ్రాన్స్‌కు పంపాడు. మన పన్నీరు రోజా చేరిన బూర్బోన్ రోజాల వంశం అలా మొదలైంది.

గాఢమైన వాసన డమాస్క్ పోలిక. ఏడాది పొడవునా పూయడం చైనా పోలిక. మామూలు అడవి రోజాల్లో కేఎస్ఎన్ అనే జన్యువు పూతను అణచి ఉంచుతుంది. చైనా రోజాలో ఒక డీఎన్ఏ ముక్క దూరి ఆ జన్యువును పనిచేయనివ్వలేదని 2012లో బయటపడింది.

నర్సరీలో కొన్న మొక్క రకం పోల్చుకోవడానికి రంగును నమ్మకూడదు. మొక్క మొదలు చూడాలి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి కొమ్మ లేస్తే అది కొన్న రకం కాదు, వేరు మొక్కది. ఆకు తొడిమ మొదట్లో అంటుకుని ఉండే సన్న రెక్కలను గమనించండి. వాటి అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటే అది మల్టీఫ్లోరా. వెంటనే పీకేయాలి, లేకపోతే అసలు మొక్కను మింగేస్తుంది. పన్నీరు రోజాకు ఈ గొడవ లేదు, కొమ్మ నాటితే చాలు, వేళ్లు పోసుకుంటుంది.

మైదానంలో రోజాకు చలికాలపు నిద్ర ఉండదు కాబట్టి కత్తెరే ఆ విరామం ఇవ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరులోపు పాత కొమ్మలను సగానికి కత్తిరించమంటారు. ఇక్కడ ఈశాన్య రుతుపవనాలు ముసురుపట్టే రోజులవి. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు, నల్లమచ్చ తెగులు అంటుకుంటుంది. అందుకని వాన తెరిపిచ్చాక, డిసెంబరులో కత్తిరించడమే మేలు.

కొత్త రకాలే కావాలంటే తిరువళ్లూరు స్వామి పేరే ఉన్న ఎం.ఎస్. వీరరాఘవన్ కృషి ఉంది. ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్ కొలువు వదిలి, భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్‌లో ఆయన మణిపూర్ కొండల రోజా జైగాంటియాతోనూ, నీటి ఒడ్డున పెరిగే రోజా క్లైనోఫిల్లాతోనూ వేడికి ఓర్చే రోజాలు సృష్టించారు. అవి దొరకడం అంత తేలిక కాదు. ఈలోగా దగ్గర్లోని పూలతోటలో పెన్సిలంత లావు పన్నీరు కొమ్మ ఒకటి అడిగి తెచ్చి నాటుకోండి.