వాట్లకూ యాంపులకూ పొత్తు కుదరాలంటే

సోలార్ ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీద వాట్లు రాసి ఉంటాయి. బ్యాటరీ మీద యాంప్ అవర్లు రాసి ఉంటాయి. కొలతలు వేరు, చాలాసార్లు కొనే కొట్లు కూడా వేరు. కరెంటు స్తంభం చేరని మామిడి తోటలో, చెరువు గట్టున, ఏజెన్సీ కొండ మీద ఉన్న ఇంట్లో సోలార్ రెండేళ్లకే మూలపడిందంటే, తరచుగా ఆ తప్పు ప్యానెల్‌దీ కాదు, బ్యాటరీదీ కాదు. ఒకదానికి ఇంకొకటి సరిపోతుందో లేదో ముందుగా ఎవరూ లెక్క చూడలేదు, అంతే.

పీఎం సూర్యఘర్ పథకం కింద 2024 నుంచి డాబాల మీదికి వస్తున్న ప్యానెళ్ల సంగతి వేరు. వాటిలో ఎక్కువ భాగం లైనుకు కలిపినవి, బ్యాటరీ లేనివి. లైన్లో కరెంటు పోతే ఎంత ఎండ కాస్తున్నా అక్కడి ఇన్వర్టర్ ఆగిపోతుంది. తీగల మీద పనిచేసే సిబ్బందికి షాక్ తగలకుండా దాన్ని అలా తయారుచేశారు. తోటలోని ఇంటికి ఆ లైనే లేదు. రాత్రికి కావలసింది పగలే దాచుకోవాలి.

అందుకే లెక్క ఎండతో కాదు, వాడకంతో మొదలవ్వాలి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, రోజుకు 12 గంటలు తిరిగితే ఒక యూనిట్ పైచిలుకు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, అయిదు గంటలు వెలిగితే పావు యూనిట్. నాలుగు గంటల టీవీకి ఇంకో పావు. చిన్న ఫ్రిజ్‌కు సుమారు 0.8. ఇన్వర్టర్ తాను తినేదీ, దారిలో పోయేదీ కలిపితే రోజుకు మూడు యూనిట్లు. ఇందులో పొద్దుగూకాక ఖర్చయ్యేది రెండు యూనిట్ల లోపు. బ్యాటరీ మోయాల్సిన బరువు ఇదే.

ట్యూబులర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకుండా వాడితేనే ఎక్కువ కాలం నిలుస్తుంది. 12 వోల్టుల 200 యాంప్ అవర్ బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపితే 24 వోల్టులు, 4.8 యూనిట్ల నిల్వ. అందులో సగం 2.4. ఆ ఇంటి రాత్రికి చాలు. చీటీ మీద సీ10 అని ఉందా, సీ20 అని ఉందా కూడా చూసుకోవాలి. సీ20 అంటే 20 గంటలపాటు మెల్లగా తీసుకుంటే వచ్చే అంకె. అదే బ్యాటరీని పది గంటల్లో వాడేస్తే అంత రాదు.

ఇక ప్యానెళ్లు. ట్యూబులర్ బ్యాటరీకి దాని సామర్థ్యంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా కరెంటు అందాలి. 200కు 20 నుంచి 40 యాంపులన్నమాట. 540 వాట్ల ప్యానెళ్లు రెండు పెడితే కాగితం మీద 1,080 వాట్లు. వేడి, దుమ్ము, తీగల నష్టం తీసేస్తే మంచి ఎండలో సుమారు 800. చార్జింగ్ వోల్టేజీ 27తో భాగిస్తే 30 యాంపులు. జోడీ కుదిరింది. తెలుగు నేల మీద ఏడాది సగటున రోజుకు అయిదు గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురు వస్తుంది కాబట్టి, నాలుగు యూనిట్ల దాకా చేతికొస్తాయి.

ఈ లెక్క చూడకపోతే ఏమవుతుంది? ఇంట్లో 330 వాట్ల ప్యానెల్ ఒక్కటే ఉంది. రాత్రి ఫ్యాన్ తెల్లవారకముందే ఆగిపోతోందని, ఉన్న 150 యాంప్ అవర్ బ్యాటరీకి అలాంటివే ఇంకో మూడు తెచ్చి పక్కపక్కన కలుపుతారు. నిల్వ 600 యాంప్ అవర్లకు పెరిగింది. ప్యానెల్ ఇచ్చేది మాత్రం మునుపటిలాగే సుమారు పద్దెనిమిది యాంపులే, అంటే ఆ నిల్వలో మూడు శాతం. ఆ బ్యాటరీలు సగం ఖాళీ అయితే, ఇంట్లో ఒక్క బల్బు వేయకున్నా తిరిగి నిండటానికి మూడు రోజుల పైనే కావాలి. కాలువలో నీరు పెరగకుండా చెరువు తవ్వుకుంటూ పోయినట్టే.

నష్టం అక్కడితో ఆగదు. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో సీసం బ్యాటరీని తయారుచేసిన నాటి నుంచి దాని స్వభావం ఒకటే: వాడినప్పుడల్లా పలకల మీద సీసం సల్ఫేటు పేరుకుంటుంది, నిండా చార్జ్ చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి అరకొరగా ఉంచితే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా మారి ఇక కరగదు. సామర్థ్యం ఏ నెలకా నెల తగ్గిపోతుంది. వారంటీ కార్డు మీద ఉన్న ఏళ్లు ఎంత బాగున్నా, ఆకలితో ఉన్న బ్యాటరీ అన్నేళ్లు బతకదు. రాత్రికి చాలడం లేదనిపిస్తే ముందు ప్యానెల్ పెంచడమే మేలు. ప్యానెల్‌కు సాధారణంగా పాతికేళ్ల హామీ ఉంటుంది. ట్యూబులర్ బ్యాటరీ బాగా చూసుకున్నా నాలుగైదేళ్ల సరుకు.

వాట్లు, యాంపులు కలిసినా వోల్టులు కలవాలి. 12 వోల్టుల ప్యానెల్ నిజానికి 18 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. బ్యాటరీ నిండటానికి 14.4 కావాలి, వేసవిలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే వోల్టేజీ 15 దగ్గరికి పడిపోతుంది. ఆ పై మూడు వోల్టులు ఈ వేడిని తట్టుకోవడానికి పెట్టినవి. ఇప్పుడు దొరికే 540 వాట్ల ప్యానెల్ వేరే జాతి. అది 41 వోల్టులు, 13 యాంపుల దగ్గర పనిచేస్తుంది. చవకగా దొరికే పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్‌తో దాన్ని 24 వోల్టుల బ్యాటరీకి కలిపితే, 13 యాంపులు అలాగే వెళతాయి కానీ వోల్టేజీ బ్యాటరీ దగ్గరున్న 27కు దిగిపోతుంది. 540 కాస్తా 350 వాట్లయింది. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఎక్కువున్న వోల్టులను యాంపులుగా మార్చి ఇస్తుంది. దాని ధర ఎక్కువే. ఈ ప్యానెళ్లకు మాత్రం అది తప్పనిసరి.

ఇందులోనూ ఒక చిక్కుంది. ముసురు పట్టిన శ్రావణంలో మొదట లెక్కవేసిన ఇంటికి రెండు యూనిట్లు రావడమే కష్టం కనుక మూడో ప్యానెల్ కొన్నారనుకుందాం. లోడు తీసేసినప్పుడు ఒక్కో ప్యానెల్ వోల్టేజీ 49.5. మూడింటిని వరుసగా కలిపితే 148.5. కంట్రోలర్ గరిష్ఠం 150 కాబట్టి సరిపోయిందనిపిస్తుంది. కానీ చీటీ మీది అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచినది. చలి పెరిగితే ప్యానెల్ వోల్టేజీ కూడా పెరుగుతుంది, డిగ్రీకి పావు శాతానికి కాస్త ఎక్కువగా. లంబసింగిలో పుష్యమాసపు తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే ఆ మూడు ప్యానెళ్లు 156 వోల్టులు దాటుతాయి. తొలి కిరణం పడ్డ నిమిషాల్లోనే కంట్రోలర్ కాలిపోవచ్చు. సోలార్ అంటే మండుటెండలోనే చూసుకోవాలనుకునేవారికి తట్టని ప్రమాదం ఇది. మూడింటినీ పక్కపక్కన కలిపితే గండం తప్పుతుంది. అప్పుడు యాంపులు 39కి చేరతాయి కనుక తీగ లావుగా ఉండాలి, కంట్రోలర్ అన్ని యాంపులు మోయగలిగినదై ఉండాలి.

బ్యాటరీకి గండం వేడితోనే. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. రేకుల షెడ్డులో పెట్టి, రోహిణి కార్తెలో తలుపులు మూసేస్తే ఎంత జాగ్రత్తగా లెక్కవేసినా వృథా. చార్జ్ అయ్యేటప్పుడు అది హైడ్రోజన్ వదులుతుంది కాబట్టి వంటింట్లోనూ, దేవుడి దీపం దగ్గరా ఉంచకూడదు. గాలి ఆడే నీడపట్టు చూడాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీతో ఈ లెక్కలు మారతాయి. దాన్ని 80 శాతం దాకా ఖాళీ చేసుకోవచ్చు. అరకొరగా ఉన్నా సల్ఫేటు బెడద లేదు. అదే 200 యాంప్ అవర్లకు 100 యాంపులిచ్చినా సాధారణంగా తీసుకుంటుంది కనుక, అన్ని యాంపులిచ్చే ప్యానెళ్లుంటే మబ్బుల మధ్య ఎండ దొరికిన రెండు గంటల్లోనే చాలావరకు నింపుకోవచ్చు. అలాగని పాత ట్యూబులర్ కోసం సెట్ చేసిన కంట్రోలర్‌కు తెచ్చి తగిలించకూడదు. సీసం బ్యాటరీకి అప్పుడప్పుడూ ఎక్కువ వోల్టేజీతో ఇచ్చే ఈక్వలైజేషన్ చార్జ్ లిథియానికి పడదు. బ్యాటరీ లోపల కాపలా కాసే బీఎంఎస్ సర్క్యూట్‌ను తెంచేస్తుంది, ఇల్లు ఒక్కసారిగా చీకటవుతుంది. సెట్టింగులు మార్చాకే కలపాలి.

కలిపి పెట్టిన బ్యాటరీల్లో ఒకటి పోతే దాని ఒక్కదాన్నే మార్చడం ఇళ్లలో మామూలుగా జరిగేదే. నాలుగేళ్ల పాతదానికి కొత్తది వరుసగా కలిపితే రెండింటి గుండా పారే కరెంటు ఒకటే. పాతది ముందే నిండి పొంగుతుంది, కొత్తది సగంలో ఉండిపోతుంది. సీసం బ్యాటరీలను ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యం, ఒకే నెలలో తయారైనవి చూసి జతగా కొనాలి. మార్చేటప్పుడూ జతగానే మార్చాలి.