గురక మధ్యలో ఆగే ఊపిరి

‘ఆయనకేం, తల దిండుకు తగిలితే చాలు, గుర్రు పెడతారు’ అని ఇళ్లలో కాస్త అసూయగా అంటుంటారు. అయితే ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ మొదలైతే అసూయపడాల్సిందేమీ లేదు. ఆ కాసేపూ ఆయనకు ఊపిరి ఆడలేదు. దీన్నే స్లీప్ అప్నియా అంటారు. తెలుగులోనూ హిట్ పాటలిచ్చిన బప్పీ లాహిరి 2022లో మరణించినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఇదే.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి గాలిదారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి పోతున్నప్పుడు పుట్టే అదురే గురక. దారి పూర్తిగా మూసుకుంటే ఛాతీ ఎంత ఎగసిపడినా గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి క్షణంపాటు లేపగానే గొంతు తెరుచుకుంటుంది. పొద్దున ఇవేవీ గుర్తుండవు. మిగిలేవి తలనొప్పి, పగటి కునుకుపాట్లు, పెరిగే బీపీ. రాత్రి పదేపదే మూత్రానికి లేవడం కూడా ఉంటుంది. దాన్ని షుగరనో ప్రోస్టేటనో అనుకుంటారు. మూసుకున్న గొంతుతో గాలి పీల్చబోయినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి గుండె గదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైనప్పుడు జరిగేదీ ఇదే కాబట్టి గుండె మూత్రాన్ని పెంచే హార్మోన్ వదులుతుంది. ఇది లావుపాటివాళ్ల జబ్బే అనుకోవద్దు. చిన్న దవడ ఉన్న సన్నటివాళ్లకూ వస్తుంది.

నిర్ధారణకు ఒక రాత్రి స్లీప్ ల్యాబ్‌లో పడుకోవాలి. తలకు నూనె రాసుకుని వెళ్లకూడదు, తీగలు అంటుకోవు. నెత్తిమీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకు తీగలు అంటిస్తారు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకీ పొట్టకూ బెల్టులు, వేలికి క్లిప్పు. ఇన్నింటితో నిద్రెలా పడుతుందని అందరూ అడుగుతారు. చాలామందికి పడుతుంది. కొన్ని గంటలు పడుకున్నా లెక్కకు సరిపోతుంది.

అసలు కథ బెల్టులు చెబుతాయి. ముక్కు దగ్గర గాలి గీత చదునై, బెల్టుల గీతలు ఊగుతూనే ఉంటే అడ్డు గొంతులో ఉందన్నమాట. బెల్టులూ కదలకపోతే ఊపిరి పీల్చమన్న ఆదేశమే మెదడు నుంచి రాలేదని అర్థం. దానికి చికిత్స వేరు. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగడమో, బాగా తగ్గడమో గంటకు ఎన్నిసార్లు జరిగిందో లెక్కిస్తారు. పెద్దవాళ్లలో 5 లోపైతే ఫరవాలేదు. 30కి చేరితే తీవ్రం, అంటే సగటున రెండు నిమిషాలకోసారి!

ఎక్కువమందికి ఇచ్చేది సీపాప్ యంత్రం. సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివన్ బృందం 1981లో దీన్ని ప్రపంచానికి వెల్లడించింది. అది పంపేది ఆక్సిజన్ కాదు, గదిలోని గాలే. మాస్కు ద్వారా వచ్చే ఆ ఒత్తిడికి గొంతు మూసుకుపోదు. జబ్బును నయం చేయదు కనుక రోజూ పెట్టుకోవాల్సిందే. మొదట్లో ముక్కు ఎండిపోతుందనీ, గాలి కారుతోందనీ విసిగి బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. మాస్కు సైజు మార్చినా, గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ అమర్చినా చాలావరకు సర్దుకుంటుంది.

ఇంట్లో ఎవరి గురకైనా ఇలా ఆగి ఆగి వస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ఆ మనిషి బండి నడిపేవారైతే అసలు ఆలస్యం చేయకండి.