కొట్టకుండా సంపాదించే లెక్క

కొల్లిపర నుంచి డల్లాస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దాయన ఎవరైనా బేస్‌బాల్ చూడ్డానికి కూర్చుంటే మొదట చిరాకు పడతాడు. బ్యాటర్ నాలుగు బంతులు ఊరికే వదిలేస్తాడు. బ్యాటు కింద పడేసి, తీరిగ్గా మొదటి బేస్‌కి నడిచిపోతాడు. చుట్టూ చప్పట్లు! కొట్టనివాడికి చప్పట్లేమిటి?

నాలుగు చెడ్డ బంతులు వదిలితే దక్కే ఈ బేస్‌ని వాక్ అంటారు. క్రికెట్‌లో వైడ్ పడితే పరుగు ఎక్స్‌ట్రాల ఖాతాలోకి పోతుంది, బ్యాటర్ పేరున పడదు. ఇక్కడ అలా కాదు. చెడ్డ బంతిని గుర్తుపట్టి వదలడం కూడా బ్యాటర్ పనితనమే. తొమ్మిది ఇన్నింగ్స్‌కి, ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున, జట్టు చేతిలో ఉన్నవి 27 అవుట్లు. అవుట్ కాకుండా బేస్ చేరినవాడు ఆ పెట్టుబడిని కాపాడినట్టు.

విచిత్రమేమిటంటే, అందరూ నమ్ముకున్న బ్యాటింగ్ సగటు వాక్‌ను అసలు పట్టించుకోదు. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో పనిచేసిన బ్రాంచ్ రికీ, గణాంకాల నిపుణుడు అలన్ రాత్ ఈ లోటును ఏనాడో పసిగట్టారు. 1954లో లైఫ్ పత్రికలో రికీ దాని గురించి రాశాడు కూడా. వాక్‌లను కూడా కలుపుకునే ఆన్-బేస్ పర్సెంటేజ్ అధికారిక లెక్కల్లోకి ఎక్కింది మాత్రం 1984లో. ముప్పై ఏళ్లు!

లెక్క కష్టమేం కాదు. హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరిన సార్లు), వాక్‌లు, ఒంటికి బంతి తగిలి బేస్ చేరిన సార్లు కలిపితే పైనుండే అంకె. కింద ఎట్-బ్యాట్లు (వాక్ లాంటివి తీసేసి లెక్కపెట్టే బ్యాటింగ్ వంతులు), వాక్‌లు, బంతి తగిలిన సార్లు, సాక్రిఫైస్ ఫ్లైలు. ఆఖరిది, తను క్యాచ్ అవుటైనా మూడో బేస్‌లోనో మరో బేస్‌లోనో ఉన్న తోటివాడితో పరుగు తీయించే ఎత్తు బంతి.

2004లో బ్యాటర్ బారీ బాండ్స్ అంకెలు తీసుకుందాం. హిట్లు 135, వాక్‌లు 232, బంతి తగిలింది 9 సార్లు: మొత్తం 376. కింద 373, 232, 9, 3 కలిపితే 617. భాగిస్తే 0.609. అదే ఏడాది ఆయన బ్యాటింగ్ సగటు 0.362. ఆ 232 వాక్‌లలో 120 ప్రత్యర్థులు కావాలని ఇచ్చినవే. ఆయనకు బంతి వేయడం కంటే బేస్ ఇచ్చేయడమే మేలనుకున్నారు!

పేరులో పర్సెంటేజ్ ఉన్నా నూటికి ఇంత అని రాయరు, దశాంశంలోనే రాస్తారు. ఫీల్డర్ తడబాటు వల్ల బేస్ చేరితే పైఅంకెలో కలవదు, ఎట్-బ్యాట్‌గా కిందికి మాత్రం చేరుతుంది. బ్యాటర్‌కి అది నష్టమే. ఇంకో లోపముంది: హోమ్‌రన్‌కీ వాక్‌కీ ఇక్కడ ఒకటే విలువ. ఆ తేడా చూడాలంటే కొట్టిన దెబ్బకు ఎన్ని బేస్‌లు వచ్చాయో చూసే స్లగ్గింగ్ లెక్క చూసుకోవాల్సిందే.

2002లో బీద జట్టు ఓక్లాండ్ అథ్లెటిక్స్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఈ అంకెను చూసే చవగ్గా ఆటగాళ్లను ఏరుకున్నాడు. ఆ ఏడాది జట్టు వరసగా 20 మ్యాచ్‌లు, మొత్తం 103 గెలిచింది. ‘మనీబాల్’ పుస్తకం, సినిమా ఆ కథే.

ఈ లెక్కకూ బ్యాటింగ్ సగటుకూ తేడా చూపే ఉదాహరణ డల్లాస్ దగ్గరే ఉంది. పక్కన ఆర్లింగ్టన్‌లో ఆడే టెక్సాస్ రేంజర్స్ జట్టులో కుమార్ రాకర్ అనే పిచర్ (బంతి విసిరేవాడు) ఉన్నాడు. తల్లి వైపు భారతీయ మూలాలు. 2019లో కాలేజీ ఆటలో డ్యూక్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, 19 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేశాడు. ఆ రోజు డ్యూక్ బ్యాటింగ్ సగటు సున్నా. వాక్‌లు దొరికాయి కాబట్టి ఆన్-బేస్ మాత్రం సున్నా కాదు.

అదే ఊళ్ల మధ్య గ్రాండ్ ప్రెయిరీలో ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియం 2023 నుంచి క్రికెట్ మైదానం. పెద్దాయన్ని అక్కడికి తీసుకెళితే వైడ్ పరుగు మళ్లీ ఎక్స్‌ట్రాల్లోకే.