పసుపు పరీక్ష సగంలో ఆపితే



ఈ పూట మన వంటింటి పసుపును గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మా చోళపురంలోనూ, రాజపాళయం చుట్టుపట్ల ఊళ్లలోనూ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నడిచే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ పిల్లలు బడి నుంచి వచ్చి, ‘కలప్పడ సోదన’ చేసుకు రమ్మన్నారని చెబితే కంగారు పడకండి. అది మన కల్తీ పరీక్షే. వంటింటి సరుకులను పరీక్షించి రాసుకు రమ్మని కెమిస్ట్రీ టీచర్లు ఇచ్చే ఇంటిపని అది. మంచి పని. అయితే దాన్ని సగంలో ఆపితే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను.

ఒకసారి ప్లస్ వన్ తరగతిలో, పసుపులో మెటానిల్ ఎల్లో కలిపారేమో కనిపెట్టే విధానం చెబుతున్నాను. అది పరిశ్రమల్లో వాడే రంగు. తినే పదార్థాల్లో కలపడం నిషిద్ధం. “చిటికెడు పసుపులో నాలుగు చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబీ రంగు వస్తుంది” అని చెప్పానో లేదో, గంట కొట్టారు. మిగతాది రేపు చెబుతానన్నాను. ఒక పిల్లవాడు ఆగలేదు. ఇంటి నుంచి తెచ్చిన పసుపును మధ్యాహ్నమే ప్రయోగశాలలో పరీక్షించాడు. గులాబీ రంగు వచ్చింది. సాయంత్రానికల్లా వాళ్లమ్మగారు మళిగె అంగడికి వెళ్లి, నలుగురి ముందు అంగడాయన్ను నిలదీశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన పసుపు పొట్లం పట్టుకుని బడికి వచ్చాడు. “సార్, ఇరవై ఏళ్లుగా అంగడి నడుపుతున్నా. విషం అమ్ముతున్నానని మీ బడిలో తేల్చారంట, నిజమేనా?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తప్పు పిల్లవాడిది కాదు, నాది.

ఎందుకంటారా? మీకందరికీ తెలిసిన సంగతితోనే చెబుతాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రనవుతుంది. హారతి నీళ్లు అలాగే కదా చేస్తాం! పసుపు మరక పడ్డ బట్టకు సబ్బు రాస్తే మరక ఎర్రబడటం చూసే ఉంటారు. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంది. క్షారం తగిలితే అది రంగు మారుతుంది. గాఢమైన ఆమ్లం తగిలినా మారుతుంది. అంటే స్వచ్ఛమైన పసుపు కూడా ఆ ఆమ్లంలో కాసేపు గులాబీ రంగు చూపవచ్చు. అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. అందులో కొంచెం నీళ్లు కలపాలి. రంగు పోతే అది పసుపు సొంత రంగు. పోకుండా నిలిస్తే మెటానిల్ ఎల్లో ఉందని అనుమానించాలి.

ఆ పొట్లంలోని పసుపునే ఆయన ఎదుట, పిల్లవాడి ఎదుట మళ్లీ పరీక్షించాం. గులాబీ రంగు వచ్చింది. నీళ్లు పోయగానే పోయింది. పిల్లవాడు తలవంచుకుని, “తప్పయింది మామా” అన్నాడు. ఆ సాయంత్రం నేనూ అంగడికి వెళ్లి, ముందురోజు విన్న నలుగురికీ వినబడేలా నా పొరపాటు చెప్పి వచ్చాను.

ఇలాంటిదే మరో పొరపాటు ఉంది. పాలలో గంజి కలిపారేమో చూడాలంటే, కొద్దిగా పాలు కాచి, చల్లార్చి, రెండు మూడు చుక్కల అయోడిన్ టింక్చర్ వేయాలి. నీలంగా మారితే పిండిపదార్థం ఉన్నట్టే. ఆ అయోడిన్‌నే పసుపు మీద వేసి, నీలం వచ్చింది కాబట్టి పిండి కలిపారనకండి. పసుపు కొమ్ములోనే సహజంగా పిండిపదార్థం ఉంటుంది.

ఇంట్లో చేయదగిన పరీక్ష వేరే ఉంది. గ్లాసెడు నీళ్లలో చెంచాడు పసుపు వేసి, కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగుతుంది, నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. నీళ్లు ముదురు రంగుకు తిరిగితే అనుమానించాలి. ఆమ్లం మాత్రం ఇంటికి తేవద్దు. అది బడిలో, టీచరు పక్కన ఉన్నప్పుడే వాడాలి.

అలాగని పరీక్షలో నెగ్గిన పసుపంతా మంచిదని కూడా అనుకోకండి. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. అది నీళ్లలో కరగదు కాబట్టి గ్లాసు పరీక్షకు దొరక్కపోవచ్చు. అందులోని సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. కల్తీ చిన్న విషయం కాదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, 60 మందికి పైగా చనిపోయారు.

మరి అనుమానం వస్తే ఏం చేయాలి? 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. 2011 ఆగస్టు 5 నుంచి అమలులో ఉంది. దాని 40వ సెక్షన్ ప్రకారం, కొన్నవారే రుసుము కట్టి సరుకును ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధమని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. అయితే ఒక షరతు ఉంది. పరీక్షకు పంపుతానని, కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి. ఇది కాక జిల్లా ఆహార భద్రత అధికారులకు ఫిర్యాదు చేసే దారీ ఉంది. అప్పుడు బిల్లు, అట్ట మీది బ్యాచి నంబరు, మిగిలిన సరుకు దాచి ఉంచండి.

చట్టం కూడా ముందు అంగడాయనకు ముఖాన చెప్పమనే అంటోంది చూశారా! మన గ్లాసు, మన అయోడిన్ సీసా అనుమానం వరకే తీసుకుపోతాయి. తీర్పు చెప్పేది విశ్లేషకుని నివేదిక. మీ పిల్లలు ఇంటిపనికి కూర్చున్నప్పుడు పక్కన కూర్చోండి. “చివరిదాకా చేశావా నాన్నా?” అని ఒక్క మాట అడగండి. నీళ్లు పోసి చూసిన తరువాతే నోటుపుస్తకంలో రాయించండి.