బ్యాటరీ కాదు... డైనమో!

రాత్రి పదకొండు దాటింది. కడియపులంక పూల మార్కెట్లో బంతి, చామంతి మూటలు నింపుకున్న పికప్ విజయవాడ వైపు పరుగెడుతోంది. పూల వ్యాపారం మీద కథనం రాద్దామని డ్రైవర్ పక్క సీట్లో ఎక్కాన్నేను. తాడేపల్లిగూడెం దాటాక ఆయన పాటలు ఆపేశాడు. కాసేపటికి ఫ్యానూ ఆపేశాడు. ‘ఏమైందండీ?’ అంటే, ‘లైట్లు చూడండి సార్, పసుపు రాసినట్టు లేవూ?’ అన్నాడు.

నిజమే. తెల్లగా పడాల్సిన హెడ్‌లైట్ల వెలుతురు కిరసనాయిలు బుడ్డి కాంతిలా ఉంది. హారన్ నొక్కితే గొంతు జీరపోయినట్టు మోగింది. ఇంజిన్ మాత్రం నిక్షేపంలా నడుస్తోంది.

‘పదిహేను రోజుల కిందటే కొత్త బ్యాటరీ వేయించానండీ’ అని తల పట్టుకున్నాడాయన. పాత బ్యాటరీ ఇలాగే రెండుసార్లు దిగిపోతే, దాని పని అయిపోయిందని ఒక షాపులో చెప్పారట. ఆ నెల బండి వాయిదా డబ్బు కాస్తా బ్యాటరీకి పోయింది. ఇప్పుడు కొత్తదీ దిగిపోయింది. వెనకాల చూస్తే తెల్లారేసరికి మార్కెట్లో ఉండాల్సిన పూలు. ఎండెక్కితే వాటిని అడిగేవాడుండడు.

ఏలూరు దగ్గర ఒక దాబా ముందు బండి ఆపాం. ఇంజిన్ ఆపలేదు. ఆపితే మళ్లీ సెల్ఫ్ తీసుకోదని ఆయన భయం. విజయవాడ వెళ్తున్న మరో పికప్ వాళ్లని బతిమాలి, కిరాయిలో సగం ఇస్తానని ఒప్పించి పూల మూటలు అందులోకి మార్చాడు. పూలు గట్టెక్కాయి. ఆ ట్రిప్పులో మిగలాల్సింది మాత్రం ఆ కిరాయితోనే పోయింది. మేం తెల్లారేదాకా అక్కడే కూర్చుని, వెలుతురు వచ్చాక ఆటోనగర్ దారి పట్టాం.

బండి లోపలి కరెంటాఫీసు

ఇంతకీ ఆల్టర్నేటర్ అంటే ఏమిటి? మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని ‘డైనమో’ అనే అంటారు. నిజానికి డైనమో పాతతరం యంత్రం. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అందులోంచి వచ్చే కరెంటు అంతంతమాత్రం. సిలికాన్ డయోడ్లు వచ్చాక ఆల్టర్నేటర్ దాని స్థానాన్ని లాక్కుంది. అమెరికాలో క్రైస్లర్ 1960లో తెచ్చిన వాలియంట్ కారుతో ఇది మామూలు కార్లలోకి దిగింది. యంత్రం మారినా మన నాలుక మీద పాత పేరే మిగిలింది.

పని సులువుగానే అర్థమవుతుంది. ఇంజిన్ బెల్టు పుల్లీని తిప్పుతుంది. పుల్లీతోపాటు లోపలి రోటర్ తిరుగుతుంది. రోటర్ మీద చుట్టిన తీగకి రెండు చిన్న కార్బన్ బ్రష్‌లు, స్లిప్ రింగుల మీదుగా కాస్త కరెంటు అందిస్తాయి. దాంతో రోటర్ అయస్కాంతమవుతుంది. అది తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటర్ తీగల్లో ఏసీ కరెంటు పుడుతుంది. డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. వోల్టేజీ అదుపు తప్పకుండా చూసుకునేది రెగ్యులేటర్. బండి నడుస్తున్నంతసేపూ లైట్లకీ, హారన్‌కీ అన్నం పెట్టేది ఆల్టర్నేటరే. బ్యాటరీ పని ఇంజిన్‌ని లేపడం. ఆ తర్వాత అది తిరిగి నింపుకుంటూ కూర్చోవాలి.

ఆల్టర్నేటర్ మానేస్తే మొత్తం బరువు బ్యాటరీ మీదే పడుతుంది. రెండు హెడ్‌లైట్లే పది ఆంపియర్లు లాగేస్తాయి. 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద ఏడు గంటలు రావాలి. వెనక లైట్లు, ఫ్యాను, పాటలు కలిస్తే అందులో సగం వచ్చినా గొప్పే. పైగా లైట్లు మసకబారడానికి బ్యాటరీ పూర్తిగా ఖాళీ కానక్కర్లేదు.

పంపుతో నడిచే పాత డీజిల్ ఇంజిన్ కాబట్టి ఆ రాత్రి బండి ఆగలేదు. ఇప్పటి కామన్ రైల్ బళ్లకి ఆ వెసులుబాటు లేదు. డీజిల్ చిమ్మాలన్నా కంప్యూటర్‌కి కరెంటు కావాలి. వోల్టేజీ పడిపోతే నడిరోడ్డు మీద ఇంజినే ఆగిపోతుంది.

వెలగని లైటు

ఆటోనగర్‌లో మా మేస్త్రీకి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. డ్రైవర్ బానెట్ ఎత్తి, ‘ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూద్దామా మేస్త్రీ?’ అన్నాడు. ఆయన కళ్లెర్రజేశాడు. ‘ఆ పని మీ తాతల జీపులతోనే పోయింది. ముట్టుకోకు!’

ఈ ముక్క డ్రైవర్ సోదరులు గుర్తుంచుకోవాలి. వైరు పీకినా ఇంజిన్ నడిస్తే డైనమో బాగున్నట్టేనని చాలామంది నమ్మకం. పాత డీజిల్ ఇంజిన్ ఎలాగూ నడుస్తుంది. కాబట్టి ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. పైగా నడుస్తున్న ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీని విడదీస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, బండిలో కంప్యూటర్ ఉంటే అదీ... ఏది పోతుందో చెప్పలేం.

మేస్త్రీ చేసింది వేరు. ముందు బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. ఒక సెంటీమీటరు దిగింది. బిగువు బాగానే ఉంది. బ్యాటరీ టెర్మినళ్లు చూశాడు. కొత్త బ్యాటరీ కదా, తెల్ల బూజు లేదు. ఇంజిన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని లాగి చూశాడు. గట్టిగానే ఉంది. ఇంజిన్ నడుస్తుండగానే మీటరు పెడితే 11.7 వోల్టులు. యాక్సిలరేటర్ తొక్కినా అంకె కదల్లేదు. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉంచినప్పుడే 12.6 చూపాలి. ఇంజిన్ నడిస్తే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టు. అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. (ఇంధనం ఆదా కోసం చార్జింగ్‌ని తగ్గించి పెంచే కొత్త బళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి ఈ లెక్క కచ్చితంగా వర్తించదు.)

దారిలో వైరు తెగిందేమోనని ఆల్టర్నేటర్ వెనక లావు టెర్మినల్ మీదా మీటరు పెట్టాడు. అక్కడా అంతే.

అప్పుడు ఇంజిన్ ఆపించి, తాళం మాత్రం తిప్పమన్నాడు. ‘బ్యాటరీ బొమ్మ లైటు వెలిగిందా?’

‘లేదండీ. నెల నుంచీ వెలగట్లేదు. అందుకే చార్జింగ్ బాగుందనుకున్నా’ అన్నాడు డ్రైవర్.

మేస్త్రీ నవ్వాడు. రోగం అక్కడే దొరికింది. తాళం తిప్పగానే ఆ ఎర్ర లైటు వెలగాలి. ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. ఈ తరహా బళ్లలో రోటర్‌కి తొలి కరెంటు వెళ్లేది ఆ లైటు మీదుగానే. అసలు వెలగకపోతే బల్బు మాడిపోయి అయినా ఉండాలి, దారి ఎక్కడో తెగి అయినా ఉండాలి. ఆల్టర్నేటర్ వెనకున్న సన్న వైరు ఊడదీసి ఇంజిన్ ఇనుముకి తాకించాడు. డాష్‌బోర్డులో లైటు టక్కున వెలిగింది. అంటే బల్బు, వైరు మంచివే. వైరు మళ్లీ తగిలించి, స్క్రూడ్రైవర్ మొన ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర పెట్టాడు. తాళం వేసి ఉన్నప్పుడు అది అయస్కాంతంలా లాగాలి. లాగలేదు. రోటర్‌కి కరెంటు అందడం లేదన్నమాట.

బ్రష్‌లు మారిస్తే చాలదా?

చాలాసార్లు చాలు. ఖర్చు వందల్లో తేలిపోతుంది. కొత్త ఆల్టర్నేటరైతే వేల మాట. అందుకే డ్రైవర్ మొహం కాస్త తేటపడింది. విప్పాక మళ్లీ వాడిపోయింది.

మన డీజిల్ పికప్‌లు చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనక వాక్యూమ్ పంపు అతికించి ఉంటుంది. బ్రేకు పెడల్ తేలిగ్గా దిగేందుకు బూస్టర్‌కి కావాల్సిన వాక్యూమ్ ఇచ్చేది అదే. దానికి ఇంజిన్ నుంచి ఆయిల్ పైపు వస్తుంది. మా బండిలో మధ్యనున్న ఆయిల్ సీల్ పోయింది. ఆయిల్ లోపలికి కారి, బ్రష్‌ల పొడితో కలిసి నల్లటి ముద్దయింది. బ్రష్‌లు అరిగి ముక్కలయ్యాయి. స్లిప్ రింగుల మీద గాడి పడింది. బేరింగ్ గరగరమంటోంది. ఇన్ని కలిశాక బ్రష్‌లు మాత్రమే వేస్తే నెలలోపు మళ్లీ రోడ్డు మీద నిలబెడుతుందన్నాడు మేస్త్రీ. పాతది కొంత ధరకి తీసుకుని, పంపుతో సహా కొత్తది వేయడానికి బేరం కుదిరింది.

విప్పేటప్పుడు ఆయన మొదట చేసింది బ్యాటరీ నెగటివ్ వైరు తీయడం. ఆల్టర్నేటర్ వెనక లావు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పానా అటు దానికీ ఇటు బాడీకీ తగిలిందంటే నిప్పులే. తర్వాత వైర్లు, ఆయిల్ పైపు, వాక్యూమ్ గొట్టం. సర్దుబాటు బోల్టు వదులు చేసి బెల్టు తీసి, కింది బోల్టు లాగితే బరువైన దిమ్మ చేతిలోకి వచ్చింది.

కొత్తదాన్నీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి పుల్లీ సైజు, గాడులు, ఆంపియర్లు పోల్చి చూశాడు. బిగించే ముందు పంపులో నాలుగు చుక్కలు ఆయిల్ పోశాడు. బెల్టు సరిచేసి, నెగటివ్ వైరు చివర్లో తగిలించాడు. దిగిపోయిన బ్యాటరీని ముందే చార్జర్ మీద పెట్టించాడులెండి. ఖాళీ బ్యాటరీని నింపే చాకిరీ కొత్త ఆల్టర్నేటర్ మీద పెడితే అది వేడెక్కిపోతుంది.

తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగింది. ఇంజిన్ అందుకోగానే ఆరింది. మీటరు మీద 14.2. హెడ్‌లైట్లు వేస్తే 13.9. అయినా మేస్త్రీ బండి వదల్లేదు. ఇంజిన్ ఆపించి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కించాడు. పెడల్ బిగిశాక కాలు తీయకుండా స్టార్ట్ చేయమన్నాడు. ఇంజిన్ లేవగానే పెడల్ కొంచెం కిందికి దిగింది. వాక్యూమ్ అందుతోంది. ‘ఇక పో’ అన్నాడు.

డబ్బు సగం ఇచ్చి, సగం పైవారం ఇస్తానన్నాడు డ్రైవర్. మేస్త్రీ గోడ మీద సుద్దముక్కతో అంకె వేసుకున్నాడు.

‘బ్యాటరీ వేసినప్పుడు ఒక్కసారి మీటరు పెట్టి చూసుంటే...’ అన్నాడాయన రోడ్డెక్కాక. తర్వాత ఏమీ అనలేదు. బెంజి సర్కిల్ దగ్గర నన్ను దింపేసి, ఆ సాయంత్రానికి మళ్లీ కడియపులంక చేరాలని వెళ్లిపోయాడు.